నేను కలిపిన గంటన్నర

నల్గొండ,
17 ఫిబ్రవరి 2019.

ఎస్తేరమ్మకు, బావ రాంచందర్ రాసేది.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. వాట్సాప్‌లో పెట్టిన మాటలకు నీలం గీతలు పడుతున్నాయి గాని జవాబు రావడం లేదు. అందుకే మీ దవాఖాన పోస్టు బాక్సు చిరునామాకు ఈ ఉత్తరం. ఇరవై నాలుగేళ్లుగా బస్సులో టికెట్లు కొట్టే చెయ్యి, రాత మరిచిపోయింది. తప్పులుంటే సర్దుకొని చదువుకో.

అక్షిత బాగుంది. నాలుగో తరగతిలో లెక్కల్లో ఫస్టు వచ్చిందట. మా అమ్మ పొద్దున్నే లేచి దానికి రెండు జడలు వేసి, డబ్బా కట్టి బడికి పంపుతోంది. తను మాత్రం సరిగా తినడం లేదు. మొన్న ఆదివారం ఊరికి పోతే, "ఎస్తేరు ఫోన్ జేసిందా?" అని అడిగింది. చేసిందన్నాను. "నన్ను అడిగిందా?" అంది. అడిగిందన్నాను. "నీకు అబద్దం ఆడుడు రాదు బిడ్డా" అని లేచి లోపలికి పోయింది.

తమ్ముడు పోయి రెండు నెలలు దాటింది. నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్లో బస్తా దించుతూ కూలబడిన మనిషి మళ్లీ లేవలేదంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. నువ్వు మస్కట్ నుంచి వచ్చేసరికే దశరథ్‌ను మట్టి చేసేశామని నీ కడుపు ఎంత మండుతోందో నాకు తెలుసు. కానీ జరిగిన దాంట్లో ఎవరి తప్పూ లేదమ్మా. టైము అట్లా వచ్చింది.

అక్షితను హైదరాబాద్ హాస్టల్లో వేస్తానని పాస్టరమ్మతో అన్నావట. వద్దు. నాలుగేళ్ల పిల్లను అమ్మ ఒళ్లో పెట్టి నువ్వు పోయావు. అయిదేళ్లు అమ్మ దాన్ని కింద పెట్టకుండా సాకింది. కొడుకు పోయాడు, ఇప్పుడు మనుమరాలిని కూడా తీసుకుపోతే ఆ ముసలిదానికి ఏం మిగులుతుంది? ఒక్కసారి ఆలోచించు.

బావ,
రాంచందర్.


మస్కట్,
10 మార్చి 2019.

బావకు,

ఎవరి తప్పూ లేదని రాశావు. ఆ ముక్క చదవగానే కాగితం మడిచి అవతల పెట్టాను. లేకపోతే చింపేదాన్ని.

ఆ రోజు పొద్దున తొమ్మిది పదికి నా విమానం ఎగిరింది. మూడు గంటలు. పక్క సీటులో మన కోదాడ ఆమె, "ఏమైందమ్మా?" అని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. నోటితో అంటే నిజమైపోతుందని భయం. దిగి బయటికొచ్చి, ఆమె ఫోనే అడుక్కుని నీకు చేశాను. దిగానన్నాను. నేను వచ్చేదాకా ఆయన్ని లేపొద్దన్నాను. "సరే, చెప్త" అన్నావు. కారు మాట్లాడుకుని, డ్రైవరు కాళ్లావేళ్లా పడి, అయిదుంబావుకి ఊరికి చేరాను. వాగు కాడ జనం కాళ్లు కడుక్కుంటున్నారు.

నేను వట్టి మట్టి చూశాను బావా. తడి మట్టి, దాని మీద చామంతులు. "ఎవరు ఆగొద్దన్నది?" అని అరిస్తే, అత్త పదిమందిలో "నేనే బిడ్డా, నేనే అన్న" అంది. ఒకటిన్నర రోజు ఆగినవాళ్లు ఇంకో గంట ఆగలేకపోయారా? నువ్వు చెప్పినా ఆమె వినలేదంటే అది తల్లి మనసా, రాయా? నీ మీద నాకేం లేదు. నీ చేతనైంది నువ్వు చేశావు.

పెళ్లానికి మొగుడి ముఖం చూపించకుండా మట్టి కప్పించిన చేతులతో నా బిడ్డకు అన్నం కలపొద్దు. హాస్టల్ వాళ్లు జులై ఆఖరు దాకా సీటు ఆపుతామన్నారు. నాకు ఇక్కడ సెలవు దొరకదు. బడిలో టీసీ నువ్వే తియ్యాలి, పిల్లను నువ్వే దింపాలి. నాకు ఆ ఇంట్లో నమ్మకమున్న మనిషివి నువ్వొక్కడివే.

ఎస్తేరు.


నల్గొండ,
31 మార్చి 2019.

ఎస్తేరమ్మకు,

టీసీ సంగతి తర్వాత. ముందు ఒకటి చెప్పాలి. మూడుసార్లు రాసి మూడుసార్లు చింపాను.

నువ్వు బయలుదేరే ముందు రోజు టికెట్ ఫోటో పంపావు కదా. నకిరేకల్ బస్టాండు ముందర నెట్ సెంటర్లో దాన్ని ప్రింటు తీయించాను. అంతటితో ఊరుకోక, మస్కట్ నుంచి శంషాబాద్ ఎంత దూరం, ఎంత సేపు అని అది కూడా తీయించాను. రెండు వేల రెండు వందల కిలోమీటర్లు, మూడు గంటలు అని వచ్చింది. టికెట్ మీద చూస్తే బయలుదేరేది 9.10, చేరేది 1.40. అంటే నాలుగున్నర గంటలు. మూడు గంటల దారికి నాలుగున్నర ఎందుకు?

నాకు తెలిసిందల్లా బస్సే. మా చార్టులో రన్నింగ్ టైము వేరు, మొత్తం టైము వేరు. మధ్యలో స్టేజీలుంటాయి, టీ హాల్టు ఉంటుంది. విమానానికీ అంతే అనుకున్నాను. రన్నింగ్ మూడు గంటలు, తక్కింది ఎక్కించుడు, దించుడు.

అక్కడ ఆగినా బాగుండు. మీ గడియారం మనకంటే గంటన్నర వెనక అని నువ్వెప్పుడూ అంటావు కదా. మా చార్టు ఏ డిపోలో రాస్తే ఆ డిపో గడియారమే ఆఖరు స్టాపు దాకా. అందుకని టికెట్ మీద 1.40 అంటే మస్కట్ గడియారంలో 1.40 అనుకున్నాను. దానికి గంటన్నర కలిపాను. మూడు పది. బయటికి రావడానికి గంట, ఊరికి రెండున్నర గంటలు. ఆరు నలభై అయింది. డిసెంబరులో అప్పటికి చీకటి పడిపోతుంది.

చేరే టైమును చేరే ఊరి గడియారంతోనే వేస్తారట. ఆ గంటన్నర అప్పటికే అందులో ఉంది. నేను మళ్లీ కలిపాను.

పొద్దున పదకొండింటికి పాస్టరుగారు, సంఘపెద్దలు వాకిట్లో కూర్చుని ఎస్తేరు ఎప్పుడొస్తుందని నన్నే అడిగారు. ఏడింటికి గాని రాదని నేనే చెప్పాను. శ్మశానం వాగు అవతల, అక్కడ దీపం లేదు. పొద్దు గూకక ముందే మట్టి జరగాలన్నారు. నాలుగింటికని ఖాయం చేశారు. పన్నెండింటికి కరెంటు పోయి ఐస్ పెట్టె ఆగిపోతే, అమ్మ "నా కొడుకును ఎండల పెట్టకుండ్రి" అంది. అమ్మ అన్నది అదొక్కటే. నీ కోసం ఆగొద్దని ఆమె నోటి నుంచి ఒక్క మాట రాలేదు.

తప్పు నాది. అమ్మ మీద కోపం విడిచిపెట్టు. నన్ను ఎన్ని తిట్టినా పడతాను.

రాంచందర్.


మస్కట్,
21 ఏప్రిల్ 2019.

బావా,

నీ ఉత్తరం చదివితే ముందు నవ్వొచ్చింది. ఆకాశంలో టీ హాల్టు పెట్టినవాడివి నువ్వొక్కడివే. డ్యూటీ గదిలో ఒక్కదాన్నే పకపకా నవ్వాను. ఆ తర్వాత నవ్వినందుకు నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

దాచకుండా చెప్పావు. మనిషన్నాక పొరపాటు పడతాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? క్రిస్మస్‌కు డిసెంబరు మొదట్లోనే రమ్మని ఆయన నవంబరు నుంచి పోరుతున్నాడు. ఈసారికి కాదు, వేసవికి వస్తానన్నాను. వచ్చి ఉంటే పదిహేను రోజులైనా కలిసి ఉండేవాళ్లం. ఇది ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

కానీ ఒక్కటి అర్థం కావడం లేదు. నేను ఫోన్ చేసింది రెండు గంటల ఇరవై నిమిషాలకు. ఆ కోదాడ ఆమె నంబరు ఆ రోజే రాసుకున్నాను, ఇప్పుడు ఫోన్ చేసి మరీ కనుక్కున్నాను, ఆమె ఫోన్లో టైము ఉంది. మట్టి నాలుగింటికి అన్నావు. అంటే నేను దిగానని చెప్పేసరికి ఆయన ఇంకా వాకిట్లోనే ఉన్నాడు. నీ లెక్క తప్పని నీకు అప్పుడే తెలిసిపోయి ఉండాలి. ఇంకా గంటన్నర పైన టైముంది. "సరే, చెప్త" అన్నావు కదా. ఎవరికి చెప్పావు? అత్తకా, పాస్టరుగారికా? వాళ్లేమన్నారు? మాటకు మాట రాయి.

ఎస్తేరు.


నల్గొండ,
5 మే 2019.

ఎస్తేరమ్మకు,

ఎండలు మండిపోతున్నాయి. బస్సులో రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. బడికి సెలవులిచ్చారు కాబట్టి టీసీ జూన్‌లో గాని ఇవ్వరట, హెడ్మాస్టరు అన్నాడు. అక్షిత మామిడిపళ్లు బాగా తింటోంది, సెగ్గడ్డలు లేచాయి, వేపాకు నూరి పెట్టమన్నాను. ఇంటి రేకులు రెండు మార్పించాను. నీ ఆరోగ్యం జాగ్రత్త. నీళ్లు ఎక్కువ తాగు.

రాంచందర్.


మస్కట్,
20 మే 2019.

బావా,

నేను అడిగింది టీసీ గురించి కాదు.

ఎస్తేరు.


నల్గొండ,
2 జూన్ 2019.

ఎస్తేరూ,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. అడగకపోతే రాసేవాణ్ని కాదు. అదీ తెలుసుకో.

ఎవరికీ చెప్పలేదు.

నీ ఫోన్ వచ్చినప్పుడు నేను ఐస్ పెట్టె తలాపున నిలబడి ఉన్నాను. తెలియని నంబరు. "బావా, దిగిన. అయిదింటికల్లా ఊర్ల ఉంట. ఆయన్ని లేపకుండ్రి, నీ కాళ్లు మొక్కుత" అన్నావు. ఏడుస్తున్నావు. ఫోన్ పెట్టేయక ముందే నాకు అంతా అర్థమైంది. ఎక్కడ తప్పానో, ఎంత తప్పానో కూడా.

పొద్దున వాకిట్లో ఏం జరిగిందో నీకు ముందు రాసిన ఉత్తరంలో పూర్తిగా రాయలేదు. నేను ఏడింటికని చెప్పగానే బక్కయ్య మామ లేచి, "జర ఇంకోపారి సూడు రాంచందరూ. మా దుర్గయ్య దుబాయి నుంచి వచ్చినప్పుడు టికెట్ మీద ఎంతుంటే గంతకే దిగిండు" అన్నాడు. నిజమే చెప్పాడు మనిషి. నేనేమన్నానో తెలుసా? "టైము సంగతి నాకు చెప్తవా మామా? నువ్వు బర్లను ఇడిసే టైము సూస్కో, సాలు" అన్నాను. నలుగురు నవ్వారు. తమ్ముడి శవాన్ని ముందర పెట్టుకుని నేను జనాన్ని నవ్వించాను. మామ తల దించుకుని కూర్చున్నాడు.

నీ ఫోన్ వచ్చాక అదే వాకిట్లో నిలబడి, మామ చెప్పిందే నిజం, నాదే తప్పు అనాలి. పాస్టరుగారు వాక్యం చదువుతున్నారు, అయ్యాక చెబుదామనుకున్నాను. అయింది. పాట ఎత్తుకున్నారు. పాట అయ్యాక చెబుదామనుకున్నాను. పెట్టె లేపారు. ముందు వైపు భుజం పట్టింది నేనే. వాగు దాటాక చెబుదామనుకున్నాను.

దారిలో నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఎల్బీ నగర్ కాడ ట్రాఫిక్‌లో కారు ఇరుక్కుంటుంది, ఎట్లాగూ అందదు అని. ఇంకా ఘోరం ఒకటుంది, అది కూడా రాసి చేతులు కడుక్కుంటాను. నువ్వు అందకపోతే బాగుండునని అనుకున్నాను. నువ్వు ఏడింటికి వస్తే నా లెక్క నిలబడుతుంది కదా. తమ్ముణ్ని భుజం మీద మోస్తూ నేను అనుకున్నది అది.

మొదటి మట్టి నేనే వేశాను. నువ్వు ఉరికొచ్చి ఎవరు ఆగొద్దన్నారని అరిచినప్పుడు, అమ్మ "నేనే" అంటుంటే పక్కనే ఉన్నాను. అమ్మ ఎందుకట్లా అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. కాదని నేను అనలేదు. ఆరు నెలలుగా ఆమె నా తప్పును నెత్తిన మోస్తుంటే, నేను ఆదివారం ఆదివారం పోయి ఆమె చేతి అన్నం తిని వస్తున్నాను.

నాకు క్షమాపణ అడిగే ముఖం లేదు. పిల్లను మాత్రం ఆమె దగ్గర నుంచి తియ్యకు. నన్ను ఆ ఇంటి గడప తొక్కొద్దంటే తొక్కను.

రాంచందర్.


మస్కట్,
20 జూన్ 2019.

రాంచందర్‌కు,

బావా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ రెండు గంటల ఇరవై నిమిషాల నుంచి అయిదుంబావు దాకా కారులో నేను దేవుణ్ని ఏమడిగానో తెలుసా? అత్త ఒప్పుకోవాలని అడిగాను. నువ్వు చెప్పేశావు కదా, ఇక అత్త ఒప్పుకుంటే చాలు అనుకున్నాను. నువ్వు చెప్పకపోవచ్చన్నది నా ఊహలోకే రాలేదు. ఆ ముసలిదాన్ని "నువ్వు తల్లివేనా?" అన్నాను. శ్మశానంలో, అందరూ వినగా. పదిహేను రోజులు ఆమె వండింది ముట్టకుండా పక్కింట్లో తిని విమానం ఎక్కాను. పోయేటప్పుడు ఆమె ఎదురొస్తే ముఖం తిప్పుకున్నాను.

నీ జూన్ ఉత్తరం ఇందులోనే పెట్టి వాపస్ పంపిస్తున్నాను. అత్తకు చదువు రాదు. నువ్వే చదివి వినిపించాలి. అదే వాకిట్లో, పాస్టరుగారు, బక్కయ్య మామ, ఆ రోజు కూర్చున్న పెద్దలందరూ ఉండగా. ఒక్క అక్షరం మింగొద్దు. భుజం మీద మోస్తూ ఏమనుకున్నావో అది కూడా చదువు.

చదివాక ఏమైందో రాయి. పిల్ల సంగతి అప్పుడు చెబుతాను.

ఎస్తేరు.


నల్గొండ,
7 జులై 2019.

ఎస్తేరమ్మా,

చదివాను. ఈరోజు ఆరాధన అయ్యాక అందరినీ వాకిట్లోకి పిలిచాను. బెంచీలు వేసింది అక్షిత. దాన్ని చర్చి దగ్గర ఆడుకోమని పంపాను, పోలేదు, అరుగు మీదే కూర్చుంది.

మొదటి పేజీ బాగానే చదివాను. బక్కయ్య మామను అన్న మాట దగ్గర కాగితం కిందికి దించాను. అయినా చదివాను. అందకపోతే బాగుండునని అనుకున్నానన్న ముక్క దగ్గర ఆగిపోతే, మామే "సదువు రా" అన్నాడు. అది కూడా చదివాను. పాస్టరుగారు కళ్లు మూసుకుని ఉన్నారు. ఎవరైనా నన్ను తిట్టి ఉంటే కొంత తేలికయ్యేది. మామ తువ్వాల దులుపుకుని భుజాన వేసుకుని, నా ముందు నుంచే లేచి వెళ్లిపోయాడు.

మిగతావాళ్లు కూడా లేవబోతే అమ్మ, "కూసోండ్రి. నా మాట గుడ ఇని పోండ్రి" అంది.

అమ్మ అన్నది అన్నట్టే రాస్తున్నాను. రాయమన్నది కూడా ఆమే.

"నాకు ఎర్కే. గప్పుడు నేను పెట్టె పక్కన్నే కూసున్న. ఈని ఫోన్ల పిల్ల ఏడ్సుడు నాకు ఇనవడ్డది. దిగిన, వస్తున్న, లేపకుండ్రి అన్నది. ఈడు చెప్తడేమోనని సూసిన. చెప్పలే. ఈని మొకం సూస్తే సచ్చినోని మొకం లెక్కనే ఉన్నది. నేను చెప్దును. చెప్తే, పొద్దుగాల బక్కయ్యను అన్న మాటకు పదిమంది ఈని మీద ఉమ్ముదురు. ఒక కొడుకును మట్టిల పెడుతున్న, ఇంకో కొడుకు ఇజ్జత్ గుడ గా మట్టిలనే పెడ్దునా అని నోరు మూస్కున్న. పిల్ల వచ్చి అడిగినప్పుడు నేనే అన్న అన్నది అబద్దం గాదు. నేను గుడ ఆపలే."

నేను అమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాను. ఆమె నన్ను లేపలేదు, నెట్టేయలేదు. నా తల మీదుగానే మాట్లాడింది. "ఎస్తేరుకు రాయి. నాకు పిల్లను ఉంచుకునే మొకం లేదు. వచ్చి తోల్కపొమ్మను. లేకుంటే నువ్వే దింపి రా" అంది. లేచి లోపలికి పోయి అక్షిత బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. లంగా జాకెట్లు, బడి బట్టలు, రబ్బరు బ్యాండ్లు, అన్నీ ఒక సంచిలో పెట్టింది. అక్షిత ఒక్కొక్కటే తీసి మళ్లీ గూట్లో పెడుతోంది. అమ్మ మళ్లీ సంచిలో పెడుతోంది. నేను చూడలేక బస్సెక్కి వచ్చేశాను.

టీసీ తీశాను, నా దగ్గరుంది. నువ్వు దింపమంటే దింపుతాను, చింపమంటే చింపుతాను.

రాంచందర్.


మస్కట్,
22 జులై 2019.

అక్షితా, ఇది అవ్వకు చదివి వినిపించు బిడ్డా. పెద్దనాయినకు ఇవ్వకు. నువ్వే చదువు. మెల్లగా, మాట మాట విడమరిచి చదువు.

అత్తా,

నీకు ఉత్తరం రాసుడు నాకు ఇదే మొదలు. నీతోని మాట్లాడినట్టే రాస్తున్న.

బావ రాసింది సదివిన. ముందు ఒక రోజంత నీ మీద నాకు మస్తు కోపమొచ్చింది. వార్డుల తుడుస్తుంటె బకెట్ తన్నిన. నాకు మొగుడు గాదా? నీకు కొడుకు ఇజ్జత్ ఎక్కువయ్యిందా, నాకు కడసారి సూపు తక్కువయ్యిందా? గా మాట నిన్ను అడగాల్నని ఉన్నది. అడుగుత గుడ.

ఇంకో రోజు కూసొని, నా బిడ్డ గట్ల తప్పు జేసి పదిమందిల నిలబడితె నేనేం జేద్దునని ఆలోచన జేసిన. నేనైతే అందరికి చెప్దునని గట్టిగ అనలేకపోయిన అత్తా.

నిన్ను తల్లివేనా అన్న. గా మాట అన్న నోటితోని ఇయ్యాల్టి దాంక సరిగ్గ ప్రార్థన జేస్కోలేకపోతున్న. తప్పయ్యింది. నువ్వు జేసింది నేను మర్సిపోలే, నేను అన్నది నువ్వు మర్సిపోకు. ఇద్దరం యాదికుంచుకుందం. గాని పిల్లను మధ్యల పెట్టొద్దు. గా సంచి ఖాళీ జెయ్యి. బట్టలు గూట్ల పెట్టు. అది నీ దగ్గర్నే ఉంటది. టీసీ వాపస్ ఇచ్చి రమ్మని బావకు చెప్పు.

బావతోని ఎప్పుడు మాట్లాడుతనో నాకే తెల్వది. నీతోని మాత్రం శుక్కురారం పొద్దుగాల మాట్లాడుత. నాకు డ్యూటీ ఉండదు. ఫోన్ మోగంగనే నువ్వే ఎత్తు, ఇంకెవ్వలికి ఇయ్యకు. ముందుగాల తిడ్త. ఇనుకుంట ఉండు. తర్వాత ఏడుస్త. అప్పుడు గుడ పెట్టెయ్యకు అత్తా.

ఎస్తేరు.